బాలింత మోసిన నింద

మన తెలుగునాట పురిటిగదికి ఒక శాస్త్రము కలదు. గుమ్మమున వేపరెమ్మ, మూలను కుంపటి, అరలో కాయపు ముద్ద, పదునొకండవ దినము వరకు పైవారికి లోనికి రాక నిషిద్ధము. బాలింతకు చలిగాలి సోకరాదని, పథ్యము తప్పరాదని, దృష్టి తగులరాదని పెద్దలు పెట్టిన కట్టుబాట్లు ఎన్నియో కలవు. వీనిలో కొన్నింటి వెనుక అనుభవమున్నది. కొన్నింటి వెనుక భయము మాత్రమే యున్నది. ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మన యిండ్లలో ఒక్క విషయమును గూర్చి మాత్రము ఎవరును నోరు మెదపరైరి. మగనినుండి భార్యకు సంక్రమించి, ఆమె శరీరమున చప్పుడు లేక దాగియుండి, కాన్పు కాగానే పైకెగసి ఆమెను మంచము పట్టించు సుఖవ్యాధుల సంగతియే అది. ఇంటిల్లిపాదియు రేడియో చుట్టు కూర్చుండు వేళ ఈ మాట యేల యని కొందరనుకొనవచ్చును. ఇంటిలో మాటాడకపోవుట వలననే ఇది ఇన్ని తరములు నిలిచినది గనుక, ఇంటిలోనే మాటాడవలెనని మా మనవి.

మన నిఘంటువులలో 'కాకవంధ్య' యను పదమొకటి కలదు. ఒక్క కాన్పుతో నిలిచిపోయిన స్త్రీకి ఆ పేరు. కాకి జన్మమున ఒక్కసారియే కనునను నమ్మిక మీద పుట్టిన మాట యిది. కాకి యేటేట గూడు కట్టి గ్రుడ్లు పెట్టుట పెరటిలో చెట్టున్న ప్రతివారును చూచునదే. అయినను మాట నిలిచినది. తొలిబిడ్డను కని, పురిటిలో జ్వరపడి, పొత్తికడుపు నొప్పితో నెలల తరబడి తీసికొని, ఆ పిమ్మట మరల కడుపు పండని యిల్లాండ్రు ప్రతి యూరను ఉండిరి. ఆ లోపమునకు కారణమును ఆమె జాతకమున వెదకిరి, పూర్వజన్మమున వెదకిరి, నాగప్రతిష్ఠలు చేయించిరి. మగని వంక చూచిన వారు అరుదు. ఒంటికాన్పునకు కారణములు పెక్కు కలవు. అన్నిటికిని సుఖవ్యాధులే మూలమనుట సరికాదు. కాని వానిలో ఒక ముఖ్య కారణమును కనుగొన్న వైద్యుని లోకము ఎట్లు ఆదరించెనో, బాలింత చరిత్రలో ఎన్నిమారులు లెక్కకు రాక మిగిలెనో తెలిసికొనుట అవసరము.

మన పెద్దలు ఈ వ్యాధులలో రెంటిని బాగుగ నెరుగుదురు. ఒకటి సవాయి, రెండవది సెగ. సవాయి ఐరోపాలో పెద్ద మారివలె బయలుపడినది 1495 ప్రాంతమున. ఫ్రాన్సు రాజగు ఎనిమిదవ ఛార్లెసు సేనలు ఇటలీలోని నేపుల్సు నగరముపై దండెత్తినప్పుడు ఆ సేనలలో వ్యాపించి, సైనికులు ఇండ్లకు మరలుటతో ఖండమెల్ల ప్రాకెను. ఇటలీవారు దీనిని ఫ్రెంచి రోగమనిరి. ఫ్రెంచివారు నేపుల్సు రోగమనిరి. 1530లో వెరోనా నగరపు వైద్యకవి ఫ్రకాస్తోరో తన కావ్యములో ఒక గొల్లవానికి పెట్టిన పేరే 'సిఫిలిసు' అను నామమై స్థిరపడెను. మన దేశమున 16వ శతాబ్దపు భావమిశ్రుడు తన 'భావప్రకాశము'న దీనిని ఫిరంగ రోగమని వర్ణించెను. ఫిరంగులనగా సముద్రము దాటి వచ్చిన పరంగివారు. మూలికల దుకాణములలో నేటికిని దొరకు పరంగిచెక్క ఆ కాలమునుండి ఈ రోగమునకు వాడిన మందు. ఒక జాతి మరియొక జాతిపై తప్పు మోపినట్లే, ఇంటిలో మగవాడు ఆడుదానిపై తప్పు మోపెను. పేర్ల చరిత్ర యంతయు ఈ నెట్టివేత చరిత్రయే.

బాలింత జ్వరమనగానే చదువుకొన్నవారికి జ్ఞప్తికి వచ్చు పేరు సెమ్మెల్వైసు. వియన్నా నగరపు ప్రసూతిశాలలో వైద్యవిద్యార్థులు పురుళ్లు పోయు విభాగమున, మంత్రసానులు పురుళ్లు పోయు విభాగమున కంటె మరణములు మిక్కుటముగ నుండెను. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు బాలింతలను పరీక్షించుట దీనికి కారణమని ఆయన గ్రహించి, 1847 మే నెలలో సున్నపు క్లోరైడు నీటితో చేతులు కడుగుకొనవలెనని కట్టడి చేసెను. ఏప్రిలు నెలలో నూటికి 18 చొప్పున ఉన్న మరణములు జూను నాటికి నూటికి 2 ప్రాంతమునకు దిగెను. అది పైనుండి, వైద్యుని చేతి నుండి వచ్చిన విషము. సెగ, సవాయి అట్టివి కావు. అవి కాన్పునకు ముందే ఆమె శరీరమున నుండును. చేతులెంత కడిగినను ఇవి పోవు. అందుచేత వీని రహస్యము తెలియుటకు మరికొంత కాలము పట్టినది.

ఆ రహస్యమును ముందుగా పట్టినవాడు ఎమీలు నొగ్గెరాతు. ఆయన జర్మనీలోని బాన్ నగరమున 1827లో జన్మించి, అమెరికా చేరి న్యూయార్కులో స్త్రీరోగ వైద్యుడుగ పేరుపొందెను. ఆయన యొద్దకు వచ్చు రోగులలో ఒక విచిత్రమగు పోలిక ఆయనకు కనబడెను. పెండ్లికి ముందు ఆరోగ్యవతులై యున్న యువతులు, పెండ్లియైన కొన్ని నెలలకే నలతపడుచుండిరి. కొందరికి గర్భమే నిలువకుండెను. కొందరు తొలిబిడ్డను కని, పురిటిలో పొత్తికడుపు వాపుతో బాధపడి, మరల గర్భము దాల్పకుండిరి. మన పెద్దలు కాకవంధ్య యన్నది ఈమెనే. నొగ్గెరాతు ఆమెను అడుగుటతో ఆగక, ఆమె భర్తను పిలిచి అడిగెను. ఆతనికి పెండ్లికి ముందెపుడో సెగ తగిలి, మానిపోయినదని వైద్యులు చెప్పియుండిరి. మానలేదు, దాగినదని నొగ్గెరాతు నిర్ణయించి 1872లో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. 1876లో అమెరికను స్త్రీరోగ వైద్యుల సంఘము తొలి సమావేశమున ఈ విషయమునే మరల చదివెను.

సహవైద్యులు ఆయన మాట నమ్మరైరి. గౌరవముగల గృహస్థులను గూర్చి ఇట్టి మాట పలుకుట వారికి కంటగింపయ్యెను. ఆయన చేతిలో రుజువు లేదు. చూపుటకు సూక్ష్మజీవి లేదు. పైగా పట్టణములలోని పురుషులలో అత్యధిక సంఖ్యాకులకు సెగ తగిలియుండునని, ఒకమారు తగిలినచో జన్మమున వదలదని ఆయన కొంత అతిశయముగ కూడ చెప్పెను. ఆ అతిశయమును పట్టుకొని సత్యమును కూడ త్రోసివేయుట సులభమయ్యెను. కాని భార్య రోగమునకు కారణమును భర్త పూర్వచరిత్రలో వెదకవలెనను మాట వైద్యశాస్త్రమున అంత సూటిగ వినబడుట అదియే తొలిసారి.

రుజువు ఏడేండ్లకు వచ్చినది. 1879లో బ్రెస్లా నగరమున ఇరువదినాలుగేండ్ల యువవైద్యుడు ఆల్బర్టు నైసరు, సెగ రోగుల చీములో జంటజంటలుగ నుండు సూక్ష్మజీవిని కనుగొనెను. 1885లో ఎర్నెస్టు బుమ్ము దానిని ప్రయోగశాలలో పెంచి చూపెను. అటుపిమ్మట కాన్పు సంగతి కూడ తేటపడెను. గర్భసంచికి ముఖద్వారమొకటి కలదు. మామూలు వేళల అది ఇరుకై, చిక్కని జిగురుతో మూయబడి యుండును. గర్భము దాల్చిన పిమ్మట బిడ్డను కప్పిన పొరలు కూడ త్రోవను అడ్డగించును. అందుచే సూక్ష్మజీవి ద్వారము కడనే నిలిచి, ఆమెకు ఏ బాధయు తెలియనీయక యుండగలదు. కాన్పులో ఆ ద్వారము తెరచుకొనును. మాయ ఊడిన చోట గర్భసంచి లోపల పచ్చిపుండు నిలుచును. అపుడు సూక్ష్మజీవి మీదికి ప్రాకి, గర్భసంచిని, దానికి ఇరుప్రక్కల నున్న అండవాహికలను చేరును. వాపు తగ్గినను మచ్చ నిలిచి ఆ సన్నని నాళములు పూడిపోవును. అండము గర్భసంచిని చేరు మార్గమే మూసికొనును. ఒంటికాన్పునకు ఒక కారణము ఇది. ఇందు జాతక దోషమేమియు లేదు.

ఇంచుమించు అదే కాలమున లైప్సిగు ప్రసూతిశాలలో కార్ల్ క్రేడే యను ఆచార్యుడు మరియొక ప్రక్కనుండి ఈ వ్యాధితో పోరాడుచుండెను. సెగ యున్న తల్లికి పుట్టు బిడ్డ, పుట్టుక మార్గముననే కన్నులకు ఆ విషమును అంటించుకొనును. రెండు మూడు దినములలో కన్నులు వాచి, చీము కారి, పెక్కురు శిశువులు అంధులగుచుండిరి. ఆయన శాలలో నూటికి పదిమంది శిశువులకు ఈ కన్నుల జబ్బు వచ్చుచుండెను. మొదట తల్లుల పుట్టుక మార్గమును కడిగి చూచెను. చాలినంత ఫలము కనబడలేదు. 1880లో బిడ్డ పుట్టగానే ప్రతి కంటను నూటికి 2 పాళ్ల సిల్వరు నైట్రేటు ద్రావకము ఒక్క చుక్క వేయ నారంభించెను. జబ్బు నూటికి ఒకటి కంటె తక్కువకు దిగిపోయెను. ఈ ఒక్క చుక్క వలన ప్రపంచమున ఎందరి కన్నులు నిలిచినవో చెప్పతరము కాదు. క్రేడే పేరు చిరస్మరణీయము. కాని ఇక్కడ ఒక మాట గమనింపవలెను. బిడ్డ కంటిలో ఆ జబ్బు కనబడినచో తల్లికి సెగ యున్నదని వైద్యునకు తెలియును. బిడ్డకు చుక్క దొరకినది. తల్లికి సరియగు మందు దొరకుటకు ఇంకను అర్ధశతాబ్దము పైగా పట్టినది.

సవాయి కథ మరింత విచిత్రము. ఐరోపాలో కలవారి బిడ్డలకును, దిక్కులేని బిడ్డలకును పాలిచ్చుటకు దాదులను కుదుర్చుట ఆచారము. సవాయితో పుట్టిన బిడ్డ నోటి పుండ్ల వలన ఆరోగ్యవతియగు దాది రొమ్మునకు రోగము అంటుచుండెను. ఆమె నుండి ఆమె భర్తకు, ఆమె సొంత బిడ్డకు అది ప్రాకుచుండెను. పారిసు నగరమున 1780లో వోజిరార్దు అను చోట ఒక ఆసుపత్రి తెరచి, రోగముగల బాలింతలకు పాదరసపు మందులిచ్చి, ఆ పాల ద్వారా శిశువులకు చికిత్స చేయ యత్నించిరి. స్త్రీ శరీరము అక్కడ మందు వడపోయు పాత్రయయ్యెను.

1837లో డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిసు ఒక సంగతి ప్రకటించెను. సవాయి పుండ్లున్న బిడ్డ దాదికి రోగమంటించును గాని, తన కన్నతల్లికి అంటించుట తానెన్నడును చూడలేదని ఆయన వ్రాసెను. ఆయన చూచినది నిజమే. కాని దానికి వైద్యులు చెప్పుకొన్న అర్థము తప్పు. తండ్రి బీజము నుండియే రోగము నేరుగ బిడ్డకు చేరుననియు, బిడ్డను మోసిన తల్లి రోగము లేకయే దానిని తట్టుకొను శక్తిని పొందుననియు చాలమంది నమ్మిరి. సుమారు 70 ఏండ్లు ఈ నమ్మకము 'కాలిసు సూత్రము' పేర చెలామణి యయ్యెను. 1905లో బెర్లినులో షౌడిను, హాఫ్‌మను అనువారు సవాయి సూక్ష్మజీవిని కనుగొనిరి. మరుసటి యేట వాసర్మను, ఆతని సహచరులు నెత్తుటిలో రోగపు జాడ పట్టు పరీక్షను సిద్ధము చేసిరి. ఆ 'ఆరోగ్యవతులగు' తల్లుల నెత్తురు పరీక్షింపగా, వారిలో పెక్కురకు రోగము ముందే యున్నదని తేలెను. బిడ్డ నుండి ఆమెకు రోగము అంటకపోవుటకు కారణము ఆమెకు అప్పటికే అది యుండుటయే. బిడ్డకు అది చేరినది ఆమె నుండియే. డెబ్బది యేండ్లు వైద్యులు ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని, ఆరోగ్యవంతురాలవని చెప్పి, మందీయక పంపిరి.

ప్రభుత్వముల చూపు కూడ ఇట్లే యుండెను. ఇంగ్లండులో 1864 నుండి, మన దేశమున 1868 నుండి అంటురోగముల చట్టములు వచ్చినవి. వాని ఉద్దేశము తెల్లసైనికుల ఆరోగ్యము. పడుపువృత్తిలో నున్న స్త్రీల పేర్లు నమోదు చేసి, బలవంతముగ పరీక్షించి, రోగమున్నవారిని 'లాకు ఆసుపత్రు'లలో నుంచిరి. సికిందరాబాదు, బళ్లారి దండులలోను అట్టి ఆసుపత్రులుండెను. సైనికులను పరీక్షింపవలెనను నిర్బంధము ఆ చట్టములలో లేదు. ఇంగ్లండున జోసెఫీను బట్లరు మొదలగు స్త్రీలు 1869 నుండి దీనిపై ఉద్యమింపగా, అక్కడ 1886లోను ఇక్కడ 1888లోను ఈ చట్టములు రద్దయ్యెను. ఈ లెక్కలలో సైనికుడున్నాడు. వీధిలోని స్త్రీ నేరస్థురాలివలె ఉన్నది. ఇంటిలోని ఇల్లాలు, పురిటిలోని తల్లి ఏ పట్టికయందును లేదు.

ఇది దొరల కాలపు మాట మాత్రమే యనుకొనరాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ వైద్యశాఖ సవాయి యున్న 399 మంది నీగ్రో పురుషులకు చికిత్స చేయక, రోగమెట్లు ముదురునో చూచుచు కూర్చుండెను. పెనిసిలిను వచ్చిన పిమ్మట కూడ వారికి దానిని ఈయలేదు. ఆ పురుషులకు భార్యలున్నారని, ఆ భార్యలు బిడ్డలను కనుచున్నారని ఆ పరిశోధకులకు తెలియనిది కాదు. గుట్టు బయటపడి ఆ పరిశోధన ఆగిన పిమ్మట, భార్యలకును బిడ్డలకును ప్రభుత్వ వైద్యసహాయము 1975లో గాని దొరకలేదు.

మందుల కథ సంతోషకరమైనది. నాలుగు వందల యేండ్లు పాదరసము పూసి, పొగవేసి, పండ్లూడగొట్టిన పిమ్మట 1910లో ఎర్లిహు, హాటా అనువారి 'సాల్వర్సాను' వచ్చెను. 1930-40 నడుమ సల్ఫా మందులు వచ్చెను. 1943లో అమెరికాలో మహోనీ, ఆతని సహచరులు నలుగురు సవాయి రోగులకు పెనిసిలిను ఇచ్చి ఫలము చూపిరి. గర్భిణికి సకాలమున పెనిసిలిను ఇచ్చినచో కడుపులోని బిడ్డ కూడ బాగగును. ఇన్ని యేండ్లు గడచినను సవాయి సూక్ష్మజీవి పెనిసిలినుకు లొంగుచునే యున్నది. సెగ అట్లు కాదు. అది ఒక్కొక్క మందునే ఓడించుచు వచ్చినది. సల్ఫాను ఓడించెను, పెనిసిలినును ఓడించెను. నేడు ప్రధానముగ సెఫ్ట్రియాక్సోను సూదిమందు మీద ఆధారపడవలసి యున్నది. సొంతవైద్యము ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

నొగ్గెరాతు చూచిన రోగిణులలో కొందరికి సెగ కాక వేరొక సూక్ష్మజీవి యుండి యుండవచ్చునని నేడు మనము చెప్పగలము. దాని పేరు క్లమీడియా. 1959లో లండను వైద్యులు కన్నులు వాచిన ఒక శిశువు కంటినుండియు, ఆ బిడ్డ తల్లి గర్భాశయ ముఖము నుండియు దీనిని వేరుచేసి చూపిరి. ఇది సెగ కంటె నెమ్మదియైనది, గుట్టుగలది. చాలమంది స్త్రీలకు ఏ బాధయు తెలియదు. కాన్పు వారమో రెండు వారములో గడచి, ఇంక భయము లేదనుకొను వేళ వచ్చు జ్వరమునకు, కడుపునొప్పికి కొన్నిచోట్ల ఇది కారణము.

మన కాలపు పెద్ద పరీక్ష ఎయిడ్సు వ్యాధి. మన దేశమున ఆ క్రిమి జాడ తొలుత తెలిసినది 1986లో, మద్రాసున. తరువాతి రెండు దశాబ్దములలో మన తెలుగు జిల్లాలు కూడ దీని బారిన పడినవి. భర్తను తప్ప అన్యునెరుగని యిల్లాండ్రు, తొలిచూలు పరీక్షలో తమకు ఆ క్రిమి యున్నదని విని నిశ్చేష్టులైరి. భర్తకు పరీక్ష చేయక మునుపే భార్య నెత్తురు పరీక్షకు వచ్చుట వలన, 'ఈమెయే తెచ్చినది' యను నింద మరల ఆమెపైననే పడెను. ముందు తెలిసినవారు ముందు తెచ్చినవారు కారు. ఈ చిన్న తర్కము తెలియక ఎందరు బాలింతలు పసిబిడ్డతో అత్తవారింటి గడప దాటవలసి వచ్చెనో తలచిన మనసు కలగును.

చికిత్స లేనిచో తల్లి నుండి బిడ్డకు ఈ క్రిమి చేరుట నూటికి 15 మొదలు 45 వరకు నుండును; మందులు సక్రమముగ వాడినచో నూటికి 5 కంటె తక్కువకు దించవచ్చును. మన దేశమున ఈ కార్యక్రమము 2002లో ప్రారంభమయ్యెను; 2014 నుండి గర్భిణులకు జీవితాంతము మూడు మందుల చికిత్స ఇచ్చు పద్ధతి అమలులోనికి వచ్చెను. 2015లో క్యూబా, 2019లో మన పొరుగుననున్న శ్రీలంక తల్లి నుండి బిడ్డకు ఎయిడ్సు క్రిమియు సవాయియు చేరుటను దాదాపు నిర్మూలించినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. చేయదగినదియే గాని అసాధ్యము కాదు.

ఇక మన యిండ్లలో చేయవలసిన పని యేమి? గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే ఆమెకు సవాయి, ఎయిడ్సు పరీక్షలు చేయింపవలెను. ఆ దినముననే భర్త కూడ చేయి చాపి నెత్తురు ఈయవలెను. రోగము తేలినచో ఇద్దరును కలిసి మందు తీసికొనవలెను. ఒకరు మాని వేరొకరు మానకున్న చికిత్స వ్యర్థము. పుట్టినింట పురుడు పోసికొని ఆమె మగనియింటికి తిరిగి వచ్చునప్పటికి ఆతడు నిర్దోషిగ, నిరోగిగ ఎదురుకొనుట ఆతని ధర్మము. ఏలయన పాలిచ్చు దినములలో క్రొత్తగ సోకిన ఎయిడ్సు క్రిమి పాలద్వారా బిడ్డను చేరుట మరింత సులభము. కాన్పు తరువాత జ్వరము, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనగల స్రావము కనబడినచో, చలి సోకినదనియో పథ్యము తప్పినదనియో కాయము పెట్టి ఊరకుండక వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను.

పురిటిగది కట్టుబాట్లను మేము ఎగతాళి చేయుట లేదు. బాలింతను కాపాడవలెనను తపన వానిలో నున్నది. ఆ తపనకు ఒక్క ప్రశ్న చేర్పుడని మాత్రమే కోరుచున్నాము. నొగ్గెరాతు 1872లో అడిగిన ప్రశ్న అది: ఆమె సంగతి సరే, ఆమె భర్త ఆరోగ్యమెట్లున్నది? ఆ మాట ఇంటి పెద్దయే ముందుగ అడిగిననాడు, 'కాకవంధ్య' వంటి మాటకు నిఘంటువులో తప్ప మరెక్కడను చోటుండదు.